బ్రేకు తొక్కితే బండి వణుకుతోందా? డిస్కులు మార్చే ముందు చూడాల్సినవి

చెన్నై హైవే మీద 90లో పోతూ, ముసునూరు టోల్‌గేటు కనబడగానే బ్రేకు తొక్కుతాం. స్టీరింగ్ చేతుల్లో గడగడలాడుతుంది. వేగం 40కి దిగేసరికి ఏమీ ఎరగనట్టు సర్దుకుంటుంది. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ ఒక రౌండు కొట్టి వచ్చి, "డిస్కులు బెండయినాయన్నా, మార్చేద్దాం" అంటాడు. మారుస్తాడు. రెండు మూడు నెలలు బాగానే ఉంటుంది. ఆ తర్వాత అదే టోల్‌గేటు, అదే వణుకు. పాత స్విఫ్టు, శాంట్రో, ఇండికా, వ్యాగన్ఆర్ నడిపేవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన కథే.

మెకానిక్ మోసం చేశాడనుకోనక్కర్లేదు. చక్రంతోపాటు తిరిగే ఇనప పళ్లెం, అంటే డిస్కు, నిజంగానే పాడై ఉంటుంది. కానీ దాన్ని పాడుచేసిన తప్పు హబ్‌లోనో (డిస్కూ చక్రమూ బిగించే దిమ్మ), కాలిపర్‌లోనో (ప్యాడ్లతో డిస్కును రెండు పక్కలా నొక్కే భాగం), చక్రం నట్ల బిగింపులోనో ఉంటుంది. దాన్ని అట్టే వదిలేసి డిస్కు ఒక్కటే మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. అందుకే ఇక్కడ డిస్కు దగ్గరికి చివర్లో వస్తాం. ఈ పనిలో సగం ఇంటి దగ్గర మీరే చేసుకోవచ్చు. మిగతా సగానికి నెల్లూరు ఆటోనగర్‌లోనో ఒంగోలులోనో లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) ఉన్న షాపు కావాలి.

ఒక హెచ్చరిక. తొక్కిపట్టినప్పుడు పెడల్ నెమ్మదిగా కిందికి దిగిపోతున్నా, బ్రేకు ఆయిల్ కారుతున్నా, ఇనుము ఇనుముకు రాసుకునే గీర శబ్దం వస్తున్నా ఈ పరీక్షలేవీ చేయొద్దు. బండి అక్కడే ఆపి మెకానిక్‌ను పిలిపించండి.

వణుకు ఎలా పుడుతుంది

"డిస్కు బెండయింది" అని అందరం అంటాం గానీ, పోత ఇనుముతో చేసిన డిస్కు రోజువారీ బ్రేకింగ్‌కి వంగిపోవడం అరుదు. ఎక్కువగా జరిగేది వేరు. హబ్ మీద డిస్కు వెంట్రుకవాసి ఒరిగి కూర్చుంటుంది. చక్రం తిరిగేటప్పుడు దాని అంచు అటూ ఇటూ ఊగుతుంది. ఈ ఊగుడును రనౌట్ అంటారు. మీరు బ్రేకు మీద కాలు పెట్టకపోయినా, ఊగిన చోటు ప్రతి చుట్టులో ఒకసారి ప్యాడ్‌ను రాసుకుంటూ పోతుంది. చిన్న కారు చక్రం నెల్లూరు నుంచి ఒంగోలు చేరేలోపు 60 వేల చుట్లకు పైనే తిరుగుతుంది. అన్నిసార్లూ రాపిడి అదే చోట. కొన్ని వేల కిలోమీటర్లకు అక్కడ డిస్కు పలచబడుతుంది. ఇక బ్రేకు తొక్కితే మందంగా ఉన్నచోట పట్టు ఎక్కువ, పలచటి చోట తక్కువ. ఒక చుట్టులోనే పట్టు పెరిగి తగ్గుతుంటే ఆ కుదుపు స్టీరింగ్‌కి ఎక్కుతుంది. మందంలో తేడా 0.015 మిల్లీమీటర్లు ఉన్నా చాలా బళ్లలో తెలిసిపోతుంది.

కొత్త డిస్కు వేసిన రెండు మూడు నెలలకు వణుకు తిరిగొచ్చేది ఇందుకే. వేసిన రోజే వణికితే కొత్త డిస్కులోనో, బిగించడంలోనో తేడా ఉంది. నిదానంగా మొదలైతే ముందు రనౌట్‌నే అనుమానించాలి.

రెండో దారి కూడా ఉంది. శ్రీశైలం ఘాట్ అంతా బ్రేకు మీదే దిగి, దోర్నాల చెక్‌పోస్టు దగ్గర పెడల్ తొక్కిపట్టి నిలబడతాం. సలసల కాగుతున్న డిస్కుకు ప్యాడ్ పదార్థం ఆ ఒక్కచోట అంటుకుపోతుంది. తర్వాత ఆ మచ్చ దగ్గర పట్టు మారిపోతుంది. ఘాట్‌లో రెండో గేరులోనో మూడో గేరులోనో దిగండి. కిందికొచ్చాక బండి ఆపాల్సివస్తే, చదునైన చోట పెడల్ వదిలేసి నిలబడండి.

ముందు రోడ్డు మీద

నేషనల్ హైవే మీద ఈ పరీక్షలు వద్దు, వెనకే పోర్టు లారీలుంటాయి. తెల్లవారుజామున ఊరి బయట నిటారుగా, ఖాళీగా ఉన్న మంచి రోడ్డు చూసుకోండి. పక్క సీట్లో ఒకరుంటే మేలు. మీ చేతికి తెలియనిది వాళ్ల కాళ్లకు తెలుస్తుంది.

మొదట బ్రేకు జోలికి పోకుండా 80 నుంచి 100 మధ్య కాసేపు నడపండి. అప్పుడే వణుకు ఉంటే అది బ్రేకు సమస్య కాదు. వీల్ బ్యాలెన్సింగ్, టైరు ఉబ్బు, వంగిన రిమ్ము చూపించుకోండి. ఈ తేడా గమనించకుండా బ్రేకుల మీద డబ్బు పోసేవాళ్లు బోలెడంతమంది.

తర్వాత 80 నుంచి 30 వరకు ఒకే తీరుగా, ఓ మాదిరిగా బ్రేకు వేయండి. స్టీరింగ్ అదిరితే తప్పు ముందు చక్రాల్లో. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు, ఫ్లోరు అదిరితే వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములను అనుమానించాలి. పెడల్ మీద కాలు పైకీ కిందికీ తడుముతున్నట్టుంటే ముందైనా కావచ్చు, వెనకైనా కావచ్చు. అది తేల్చడానికి మూడో పరీక్ష. వెనక ఎవరూ లేరని చూసుకుని, 40లో పోతూ హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కిపట్టి లివరు మెల్లగా లాగండి. వణుకు వస్తే వెనక డ్రమ్ములే. రోడ్డు తడిగా ఉన్నా, వంపులున్నా ఈ పని చేయకండి. హ్యాండ్‌బ్రేక్‌కి బదులు స్విచ్ ఉన్న బళ్లకు ఈ పరీక్ష వర్తించదు.

బండి చల్లగా ఉన్నప్పుడు వణుకుతోందా, పది ఇరవై బ్రేకులు పడ్డాక వణుకుతోందా అన్నది కూడా రాసిపెట్టుకోండి. వేడెక్కాక మాత్రమే వస్తే డిస్కు మీద మచ్చలూ, పట్టేసిన కాలిపరూ ముందు వరసలోకి వస్తాయి. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండిలో కంకర మీద గట్టిగా తొక్కినప్పుడు పెడల్ గరగరమనడం మామూలే, దానికి టెన్షన్ అక్కర్లేదు.

జాకీ ఎత్తి చేత్తో చూడటం

సిమెంటు నేల మీద, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్కదిమ్మలు పెట్టి జాకీ ఎత్తండి. జాక్ స్టాండు లేకుండా బండి కిందికి చెయ్యి కూడా పోనివ్వద్దు. ఇటుకల మీద నిలబెట్టడం మన దగ్గర అలవాటే గానీ, ఇటుక పగిలేటప్పుడు చెప్పి పగలదు.

చక్రాన్ని పైనా కిందా పట్టి గట్టిగా ఊపండి. ఆట (వదులు) ఉంటే, ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. తొక్కగానే ఆట పోతే వీల్ బేరింగ్ వదులైంది. తొక్కినా ఆట ఉంటే సస్పెన్షన్‌లోని బాల్ జాయింటో, స్ట్రట్టో చూడాలి. తర్వాత ఎడమా కుడీ పట్టి ఊపండి. అప్పుడు మాత్రమే కటకటమంటే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ అరిగింది. ఆ తర్వాత, చక్రాన్ని కింద బండికి కలిపే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్షు సందులో పొడవాటి రాడ్డు పెట్టి నెమ్మదిగా ఎత్తి చూడండి. రబ్బరు చీలి ఆర్మ్ ఇష్టం వచ్చినట్టు కదులుతుంటే ఒక దోషి దొరికినట్టే. లక్ష కిలోమీటర్లు దాటిన బండికి కూడా ఈ బుష్షులు చాలామంది మార్చి ఉండరు. అవి గట్టిగా ఉన్నప్పుడు డిస్కులోని చిన్న తేడా చేతిదాకా రాదు. అవి వదులైతే అదే తేడా పెద్దదై వస్తుంది.

వేడి కూడా చూడండి. పది కిలోమీటర్లు, బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ నడిపి ఆపండి. రెండు ముందు చక్రాల రిమ్ముల దగ్గర అరచెయ్యి పెట్టండి, తాకొద్దు. ఒకటి సెగలు కక్కుతూ రెండోది గోరువెచ్చగా ఉంటే వేడిగా ఉన్నవైపు కాలిపర్ పట్టేసింది.

చక్రం విప్పాక కాలిపర్

మాస్కు పెట్టుకోండి. కంప్రెసర్ గాలితో దుమ్ము కొట్టడం మానండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డ, బ్రేక్ క్లీనర్ చాలు. కాలిపర్ బోల్టు తీశాక కాలిపర్‌ను హోస్‌కి వేలాడదీయకుండా ఇనప తీగతో స్ప్రింగుకు కట్టేయండి.

ముందుగా చదవాల్సింది ప్యాడ్లను. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ పక్కపక్కన పెట్టండి. ఒకటి 7 మిల్లీమీటర్లు, రెండోది 3 మిల్లీమీటర్లు ఉంటే కాలిపర్ జరగడం లేదని లెక్క. ఒకే ప్యాడ్ ఒక చివర మందంగా, ఇంకో చివర పలచగా ఏటవాలుగా అరిగితే, కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడర్ పిన్ను బిగుసుకుంది. మన తీరప్రాంతం బళ్లలో దీన్ని తరచుగా చూస్తాం. ఇస్కపల్లి ఉప్పు మడుల పక్కన, మైపాడు, కొత్తపట్నం బీచుల దగ్గర, రొయ్యల గుంటల కట్ట మీద రోజూ నిలబడే బండికి ఉప్పుగాలి వదలదు. పిన్ను మీది రబ్బరు బూటు ఒక్కచోట చిరిగితే చాలు, లోపల తుప్పు పడుతుంది.

పిన్నులు రెండూ బయటికి లాగండి. పాత గ్రీజు గట్టిపడి గోధుమరంగు పొరలా ఉంటుంది. గుడ్డతో, బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. తుప్పు గుంటలు పడి ఉంటే పిన్ను మార్చండి. కొన్ని బళ్లలో ఒక పిన్ను చివర రబ్బరు తొడుగు ఉంటుంది, రెండోదానికి ఉండదు. ఏది పైన ఉందో, ఏది కింద ఉందో తీసేముందే ఫోనులో ఫొటో తీసుకోండి. మళ్లీ వేసేటప్పుడు బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజే రాయాలి. మామూలు బేరింగ్ గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి, పిన్ను మునుపటికంటే గట్టిగా పట్టేస్తుంది. "గ్రీజంటే గ్రీజే కదన్నా" అనే కుర్రాడి చేతికి ఈ పని ఇవ్వొద్దు.

కాలిపర్‌లో ప్యాడ్‌ను నొక్కే పిస్టన్‌ను సి-క్లాంపుతో నిదానంగా వెనక్కి నెట్టండి. అలా నెట్టేటప్పుడు పైన డబ్బాలో ఆయిల్ పొంగుతుంది, చూసుకోండి. పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. పిస్టన్ మొరాయిస్తే కాలిపర్ మీద ఆయిల్ వదిలే చిన్న స్క్రూ, అంటే బ్లీడర్ నిప్పల్, కొద్దిగా వదులుచేసి మళ్లీ నెట్టండి. అప్పుడు సులువుగా పోతే తప్పు పిస్టన్‌ది కాదు. పాత హోస్ లోపల వాచి, ఆయిల్‌ను వెనక్కి పోనివ్వడం లేదు. నిప్పల్ తెరిచినా కదలకపోతే పిస్టనే పట్టేసింది, సీల్ కిట్టు వేయించాలి. నిప్పల్ తెరిచాక బ్లీడింగ్ (లోపల చేరిన గాలి తీసేయడం) తప్పనిసరి.

హబ్ ముఖం: అసలు తప్పు ఎక్కువగా ఇక్కడే

డిస్కును పట్టివుంచే చిన్న స్క్రూ ఉంటే తీయండి. డిస్కు రాకపోతే సుత్తి ఎత్తకండి, దెబ్బ బేరింగ్‌కి తగులుతుంది. చాలా డిస్కులకు మధ్యలో మరలున్న రెండు చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో రెండు 8 ఎంఎం బోల్టులు వేసి ఒక్కో మలుపు మార్చి మార్చి బిగిస్తే డిస్కు దానంతటదే బయటికొస్తుంది.

ఇప్పుడు హబ్ ముఖం చూడండి. చక్రం నట్లు ఎక్కే స్టడ్ల చుట్టూ ఎర్రగా, పొరలు పొరలుగా తుప్పు. వేలితో రాస్తే పొడి రాలుతుంది గానీ, కింద పొర రాదు. ఆ పొర ఒక పక్క 0.05 మిల్లీమీటర్లు ఎత్తుందనుకోండి. 140 మిల్లీమీటర్ల హబ్ మీద ఆ ఒరుగు, 240 మిల్లీమీటర్ల డిస్కు అంచుకు చేరేసరికి 0.08 దాటుతుంది. కొత్త డిస్కు తెచ్చి ఈ తుప్పు మీద బిగించడమంటే, ఒక కాలి కింద చీపురుపుల్ల ఉన్న పీట మీద కూర్చోవడమే.

వైర్ బ్రష్‌తో మొదలుపెట్టి ఎమెరీ పేపర్‌తో ముగించండి. బ్రష్ చేరని చోటు స్టడ్ మొదలు. అక్కడ విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్కతో గీరాలి. లోహం తెల్లగా కనబడాలి. తర్వాత స్టీలు స్కేలు అంచును హబ్ మీద అడ్డంగా పెట్టి వెనకనుంచి టార్చి వేసి చూడండి. ఒకచోట వెలుగు ఎక్కువ, ఒకచోట తక్కువ వస్తుంటే ఇంకా గీరాల్సిందే. డిస్కు వెనక ముఖమూ, రిమ్ము లోపలి ముఖమూ ఇలాగే శుభ్రం చేయాలి. పెయింటూ, గ్రీజూ ఏదీ పూయొద్దు.

ఒక్కో చక్రానికి అరగంట పడుతుంది. బిజీగా ఉన్న షెడ్డులో ఈ అరగంట ఎవరూ ఇవ్వరు, అందుకే దగ్గరుండి చేయించుకోండి.

కొలతలు

ఇక డిస్కు. దాని అంచు మీదో, మధ్య టోపీ మీదో కనీస మందం అచ్చుపోసి ఉంటుంది. అంతకంటే అరిగితే మాట్లాడుకోవడానికి ఏమీ లేదు, మార్చాలి. మందం మిగిలి ఉంటే, అంచుకు 10 మిల్లీమీటర్లు లోపల, చుట్టూ ఎనిమిది చోట్ల సుద్దతో గుర్తులు పెట్టి మైక్రోమీటర్‌తో మందం చూడండి. వెర్నియర్ పనికిరాదు, ఇంత చిన్న తేడా అది పట్టదు. ఎక్కువకూ తక్కువకూ తేడా 0.015 దాటితే ఆ డిస్కే వణికిస్తోంది.

తర్వాత రనౌట్. డిస్కును శుభ్రమైన హబ్ మీద పెట్టి, వాషర్లు వేసి నట్లన్నీ సమానంగా బిగించండి. మ్యాగ్నెట్ స్టాండున్న డయల్ గేజ్ (సన్నటి ఊగుడును కొలిచే పరికరం) సూది అదే 10 మిల్లీమీటర్ల గీత మీద పెట్టి డిస్కు మెల్లగా తిప్పాలి. చాలా చిన్న కార్లకు 0.05 నుంచి 0.10 లోపు ఉండాలని మాన్యువల్ చెబుతుంది. 0.05 లోపు వస్తే నిశ్చింత. ఎక్కువొస్తే ఎత్తు వచ్చిన చోట డిస్కు మీదా, దాని ఎదుటి స్టడ్ మీదా గుర్తు పెట్టి, డిస్కు తీసి ఒక రంధ్రం జరిపి మళ్లీ బిగించి చూడండి. ఎత్తు డిస్కు గుర్తుతోపాటే జరిగితే తప్పు డిస్కుది. స్టడ్ గుర్తు దగ్గరే ఉండిపోతే హబ్ వంగింది. రెండిటిలోనూ కొంచెం కొంచెం ఉంటే, ఏ రంధ్రంలో తక్కువొస్తుందో అక్కడే బిగించేయండి. ఖర్చు లేకుండా పని అయిపోతుంది. డయల్ గేజ్ లేకపోతే లేత్ షాపులో అడగండి, వాళ్ల దగ్గర తప్పక ఉంటుంది.

లేత్ పట్టించాలా, కొత్తవా

మందం బాగా మిగిలి ఉంటే లేత్ మేలు. కాకపోతే లేత్‌మ్యాన్ డిస్కును హబ్‌కి ఆనే ముఖం ఆధారంగా పట్టాలి, రెండు వైపులా సమానంగా కోయాలి. బయటి అంచును చక్‌లో పట్టేసి కోస్తే లేని రనౌట్‌ను చేతులారా తెచ్చుకున్నట్టే. కోశాక కూడా మందం కనీస హద్దుకంటే కొంత పైన ఉండాలి. ఆ హద్దు దాకా వచ్చే పనైతే కొత్తవి వేయడం నయం, పలచటి డిస్కు త్వరగా వేడెక్కుతుంది. కొత్తవి వేస్తే రెండు పక్కలా జతగా వేయాలి, ప్యాడ్లూ కొత్తవే. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా కడగండి.

నట్లు

ఎయిర్ గన్‌తో టకటకా బిగించిన చక్రంలో ఒక నట్టు విపరీతంగా, ఒకటి వదులుగా ఉంటాయి. డిస్కు ఆ బిగింపుకు తగ్గట్టు ఒరుగుతుంది. చేత్తో అన్నీ ఆనించి, ఎదురెదురు నట్ల వరసలో మూడు దఫాలుగా బిగించాలి. చివరి దఫా, బిగింపు ఎంతో చూపే టార్క్ రెంచ్‌తో. చిన్న కార్లకు ఇది చాలావరకు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి అంకె మాన్యువల్‌లో చూసుకోండి. 100 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి సరిచూడాలి. హైవే మీద పంక్చర్ వేయించిన ప్రతిసారీ ఇంటికొచ్చి ఆ నట్లు వదులుచేసి మీ చేత్తో మళ్లీ బిగించండి. కష్టపడి సరిచేసిన డిస్కు ఒక్క పంక్చర్‌తో మొదటికొచ్చిన బళ్లున్నాయి.

కొత్త ప్యాడ్లు, డిస్కులు వేశాక ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 15కి, పూర్తిగా ఆపకుండా, ఓ మాదిరి బ్రేకు ఎనిమిది పదిసార్లు వేయండి. ఒక్కోదానికి మధ్య కొంతదూరం గాలి తగలనివ్వండి. ఆఖర్న పావుగంట బ్రేకు వాడకుండా నడిపి చల్లార్చండి.

వెనక డ్రమ్ములు

హ్యాండ్‌బ్రేక్ పరీక్షలో దొరికితే డ్రమ్ములు విప్పాలి. ఘాట్ దిగి, డ్రమ్ములు కాగుతుండగానే హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి నిలిపితే డ్రమ్ము చల్లారేటప్పుడు గుండ్రం తప్పుతుంది. గేరులో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టుకోవడం మంచిది. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం అచ్చువేసి ఉంటుంది, లేత్ దానికి లోబడే పట్టించాలి. వీల్ సిలిండర్ తడిగా ఉంటే అదీ, నూనె తగిలిన లైనర్లూ (డ్రమ్ముకు రాసుకునే పట్టీలు) మార్చేయండి.

అయినా పోకపోతే

డిస్కు కొలతలన్నీ హద్దులో ఉండి, కాలిపర్ స్వేచ్ఛగా జరుగుతూ, వణుకు మాత్రం మిగిలితే లోయర్ ఆర్మ్ బుష్షులు, స్ట్రట్ పైన మౌంటు రెండు పక్కలా మార్పించండి. బుష్షు బోల్టులు చక్రాలు నేలమీద ఆని, బండి బరువు పడ్డాకే చివరగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి నెలల్లోనే చిరుగుతుంది. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్. బ్రేకు ఆయిల్ మారిస్తే వణుకు పోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆయిల్ తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాల్సిందే, కానీ దానికీ ఈ వణుకుకూ సంబంధం లేదు. పెడల్ తొక్కుడుకు బలం కలిపే బూస్టరు మార్చమనేవాళ్లకూ అదే జవాబు.